కంట్రోలర్ ఉండగా ఈవెంట్‌కి వేరే మిక్సర్ మోసుకెళ్లాలా?

కొత్త_డెక్:
అందరికీ నమస్కారం. నా దగ్గర ఉన్నది లాప్‌టాప్‌లోని పాటలని కలిపే రెండు చానెళ్ల చిన్న డీజే కంట్రోలర్, డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4. స్పీకర్లకి వెళ్లే మాస్టర్ అవుట్ ఆర్‌సీఏ (ఎరుపు-తెలుపు పిన్నులు) ఒక్కటే, డీజే పక్క స్పీకర్ కోసం బూత్ అవుట్ లేదు, మైక్ జాక్ కూడా ఒక్కటే. ఇన్నాళ్లూ తెలిసినవాళ్ల ఇళ్లలో ప్లే చేశాను, ఇబ్బంది రాలేదు. ఇప్పుడు ఒప్పుకున్న ఈవెంట్‌లో ఇద్దరు మాట్లాడతారు, ఒకావిడ గిటార్ వాయిస్తూ పాడతారు, మిగతా టైమంతా నా సెట్. రెండు పవర్డ్ స్పీకర్లు (లోపలే ఆంప్లిఫయర్ ఉన్నవి) వాళ్లే పెడుతున్నారు, టేబుల్‌కి బాగా దూరంగా ఉంటాయట. నాతో వచ్చే ఫ్రెండ్ "కంట్రోలర్‌కే మైక్ పెట్టి మార్చి మార్చి ఇద్దాం" అంటున్నాడు. మధ్యలో చిన్న మిక్సర్ ఒకటి ఉంటే నయమని నాకు అనిపిస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

మైక్_రెండు:
మిక్సర్ పెట్టుకో తమ్ముడూ. మూడు మైకులు, ఒక గిటార్. నీకున్నది ఒక్క జాక్. పాడే ఆవిడకి సరిపోయిన లెవెల్ మైక్‌ని మూరెడు దూరంలో పట్టుకుని మాట్లాడే పెద్దాయనకి సరిపోదు. చిన్న కంట్రోలర్లలో మైక్‌కి లెవెల్ నాబ్ తప్ప ఇంకేమీ ఉండదు. మిక్సర్‌లో అయితే ఏ మైక్ గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్ ఎంత పెంచాలో) దానిదే, ఏ మైక్ ఈక్యూ (బేస్, ట్రెబుల్) దానిదే. లో కట్ బటన్ నొక్కితే మైక్ పట్టుకునే చేతి దడదడ, ఊపిరి చప్పుడు చాలావరకు పోతాయి. మైక్ కీచుమంటే ఆ ఒక్క ఫేడర్ దించుతాం, పాట ఆగదు.

ఒకటే_కేబుల్:
నేను ఒప్పుకోను. కంట్రోలర్‌లోనే మిక్సర్ ఉంది, సౌండ్ కార్డ్ ఉంది. పక్కన ఇంకో మిక్సర్ పెడితే ఈక్యూలు రెండు, గెయిన్‌లు రెండు. సౌండ్ ఎక్కడ పగులుతోందో వెతకడానికే సగం రాత్రి పోతుంది. చిన్న కంట్రోలర్లకి ఉండేవి నాలుగే అవుట్‌పుట్‌లు: 1-2 మాస్టర్, 3-4 హెడ్‌ఫోన్. ట్రాక్టర్ అనే డీజే సాఫ్ట్‌వేర్‌లో మిక్సింగ్ మోడ్ ఎక్స్‌టర్నల్ అని పెట్టి, ఒక డెక్‌ని మాస్టర్ నుంచి, ఇంకో డెక్‌ని హెడ్‌ఫోన్ జాక్ నుంచి మిక్సర్‌కి పంపేవాళ్లని చూశాను. అప్పుడు కంట్రోలర్ మీదున్న క్రాస్‌ఫేడర్‌తో, ఈక్యూతో పని లేదు. క్యూ, అంటే రాబోయే పాటని హెడ్‌ఫోన్లో ముందే వినడం, అది కూడా మిక్సర్‌లోనే. మరి కంట్రోలర్ కొన్నది ఎందుకు?

బూత్_మూల:
పవర్డ్ స్పీకర్ల వెనక చాలావాటికి రెండు ఇన్‌పుట్‌లు ఉంటాయి. పాట ఒకదానికి, మైక్ ఇంకోదానికి. మిక్సర్ దేనికి?

మైక్_రెండు:
ఆ నాబ్ స్పీకర్ వీపున ఉంటుంది. స్పీకర్ స్టాండ్ మీద దూరంగా ఉంటుంది. పాట మధ్యలో మైక్ కీచుమంటే జనాన్ని తోసుకుంటూ అక్కడికి పరిగెత్తాలా?

సౌండ్‌చెక్:
ఒక్క నిమిషం. మీరు మాట్లాడుతున్నవి రెండు వేరే వేరే పనులు. ఒకటే_కేబుల్ గారు చెప్పింది డెక్కులని విడగొట్టి బయట మిక్సర్‌లో కలపడం. అది పాత పద్ధతి అలవాటైనవాళ్లు చేసేది, ఈ తమ్ముడికి దానితో పని లేదు. మైక్_రెండు గారు చెప్పేది డీజేయింగ్ అంతా కంట్రోలర్‌లోనే చేసి, మాస్టర్ అవుట్‌ని మిక్సర్‌లో ఒక స్టీరియో చానెల్‌కి ఇవ్వడం. క్యూ, బీట్‌మ్యాచింగ్, ఎఫెక్టులు ఏవీ మారవు. మిక్సర్‌కి నీ మొత్తం సెట్ ఒక్క పాట లాంటిది.

ఒకటే_కేబుల్:
సరే, అలాగే అనుకుందాం. అయినా దారిలో ఒక మెట్టు పెరిగింది, మెట్టు పెరిగిన చోట నాయిస్ పెరుగుతుంది. నేను చెవులారా విన్నాను. ఒక ఫంక్షన్‌లో పాట ఆగగానే స్పీకర్లలో ఒకటే హమ్, గుయ్యిమనే మోత. మధ్యలో ఉన్న మిక్సర్ తీసేసి కంట్రోలర్‌ని నేరుగా కలిపాం, పోయింది. ఇంతకంటే రుజువేం కావాలి?

మైక్_రెండు:
అది మిక్సర్ హమ్ కాదు, లాప్‌టాప్ ఛార్జర్ హమ్. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే చిన్న కంట్రోలర్లకి అవుట్‌పుట్ ఆర్‌సీఏ అయితే ఇది మామూలే. ఛార్జర్ పీకి చూడాల్సింది, మిక్సర్ ఉండగానే పోయేది.

ఒకటే_కేబుల్:
నేను పీకింది మిక్సర్. పోయింది హమ్. మీరు అక్కడ లేరు.

మైక్_రెండు:
లేకపోయినా ఆ మాట చెప్పగలను.

సౌండ్‌చెక్:
ఈ హమ్‌కి ఒక్క పెట్టె కారణం కాదు. లాప్‌టాప్‌కి ఛార్జర్ గుండా ఒక ఎర్త్, మిక్సర్‌కి తన ప్లగ్ గుండా ఇంకో ఎర్త్, రెండింటినీ కలిపేది ఆర్‌సీఏ వైర్‌లోని షీల్డ్ జాలి. అదంతా ఒక చుట్టు అవుతుంది, దాన్నే గ్రౌండ్ లూప్ అంటాం. మిక్సర్ తీసినా ఆ చుట్టు తెగొచ్చు, ఛార్జర్ తీసినా తెగొచ్చు. అందుకే ఎవరు ఏది పీకితే అదే దోషి అనిపిస్తుంది. టేబుల్ మీదున్నవన్నీ ఒకే పవర్ స్ట్రిప్ నుంచి నడపండి. అప్పటికీ వస్తే కంట్రోలర్‌కీ మిక్సర్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ (ఎర్త్‌లని కలవనివ్వకుండా సిగ్నల్‌ని మాత్రం పంపేది) పెట్టండి. హమ్ పోవాలని ప్లగ్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టే పని మాత్రం ఎవరూ చేయకండి, ప్రాణం మీదకి వస్తుంది.

ఇంకో సంగతి. ఈ తమ్ముడి స్పీకర్లు దూరంగా ఉన్నాయి. ఆర్‌సీఏ అన్‌బ్యాలెన్స్‌డ్, పొడవు పెరిగేకొద్దీ బయటి నాయిస్ పట్టుకుంటుంది. ఇళ్లలో వాడే సామాను సిగ్నల్ స్టేజ్ సామానుదానిలో సుమారు నాలుగో వంతే, అందుకే నాయిస్ ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. టేబుల్ మీదే మిక్సర్ ఉంటే పొట్టి ఆర్‌సీఏతో దానికిచ్చి, అక్కడి నుంచి బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకులకి వాడే మూడు పిన్నుల వైరు, బయటి నాయిస్‌ని చాలావరకు రద్దు చేస్తుంది) చాలా దూరం లాగొచ్చు. ఇక్కడ మిక్సర్ వల్ల నాయిస్ తగ్గుతుంది.

ఒకటే_కేబుల్:
ఆ పనికి స్టీరియో డీఐ బాక్స్ చాలు, అన్‌బ్యాలెన్స్‌డ్ సిగ్నల్‌ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చే చిన్న పెట్టె. అరచేతిలో పడుతుంది, గ్రౌండ్ లూప్‌ని తెంపే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ కూడా ఉంటుంది.

సౌండ్‌చెక్:
చాలు. కానీ డీఐ నుంచి వచ్చేది మైక్ లెవెల్, అంటే లైన్ లెవెల్ కంటే చాలా చిన్న సిగ్నల్. స్పీకర్ ఇన్‌పుట్‌ని లైన్ నుంచి మైక్‌కి మార్చాలి. పైగా మైకుల సంగతి అలాగే ఉండిపోయింది.

క్రాస్‌ఫేడ్:
మా ఇంట్లో అయితే హమ్ ఫ్రిజ్ వల్ల వచ్చేది. లైన్ మార్చాక తగ్గింది.

మైక్_రెండు:
హమ్ వదిలేయండి, అంతకన్నా పెద్ద విషయం ఉంది. ఒక ఈవెంట్‌లో ఒకాయన మాట్లాడుతుండగా నా లాప్‌టాప్ స్తంభించింది. అప్పుడు నా దగ్గరున్న కంట్రోలర్‌లో మైక్ కూడా సాఫ్ట్‌వేర్ గుండానే వెళ్లేది. రీస్టార్ట్ చేస్తే యూఎస్‌బీ కరెంటు కూడా పోయింది. పాట లేదు, మైక్ లేదు. ఆయన కాసేపు గొంతు చించుకుని, మైక్ బల్ల మీద పెట్టి కూర్చున్నారు. చివర్లో నాకు డబ్బు కోసి ఇచ్చారు, ఆ మనిషి ముందు తలెత్తుకోలేకపోయాను. ఆ రోజు మిక్సర్ ఉంటే మైక్ దాని దారిన అది నడిచేది. ఇంకో చానెల్‌లో ఫోన్ పెట్టుకుని ఉంటే లాప్‌టాప్ లేచేదాకా పాట కూడా ఆగేది కాదు.

ఒకటే_కేబుల్:
దానికి మంచి కంట్రోలర్ కొనాలి. డీడీజే-1000 లాంటివాటికి కరెంటు అడాప్టర్ వేరు, మైక్ ఇన్‌పుట్‌లు రెండు, మాస్టర్ ఎక్స్‌ఎల్‌ఆర్, బూత్ అవుట్ ఉంది. లాప్‌టాప్ లేకపోయినా మిక్సర్‌గా పనిచేస్తుంది.

మైక్_రెండు:
ఆ అబ్బాయి దగ్గరున్నది ఎఫ్‌ఎల్‌ఎక్స్4. అతను అడిగిన దానికి జవాబు చెప్పండి. లేని సామాను గురించి చెప్పి ఏం లాభం?

ఒకటే_కేబుల్:
నేను జవాబే చెబుతున్నాను. మిక్సర్ వద్దు. అనుభవం లేని కుర్రాడి మీద ఇంకో పెట్టె, ఇంకో అడాప్టర్, ఇంకో ఆరు వైర్లు ఎందుకు వేస్తున్నారు? మీకు ఒకసారి లాప్‌టాప్ ఆగిందని లోకమంతా మిక్సర్ మోయాలా?

మైక్_రెండు:
మీకు ఒకసారి హమ్ వచ్చిందని లోకమంతా ఒక్క మైక్‌తో సర్దుకోవాలా? నేను చెప్పింది ఒక మనిషికి జరిగిన అవమానం. మీకది లెక్కే లేదు.

ఒకటే_కేబుల్:
అవమానం మీకొక్కరికే తెలుసా? అయితే వినండి. ఒక చోట నిర్వాహకులే మిక్సర్ పెట్టారు, నా మాస్టర్ దానిలోకి వెళ్లింది. సెట్ మంచి ఊపులో ఉండగా వాళ్ల మనిషి ఒకడు వచ్చి "సౌండ్ ఎక్కువైంది" అని నా చానెల్ ఫేడర్ లాగేశాడు. నా హెడ్‌ఫోన్లో పాట నిండుగా వినిపిస్తోంది, కంట్రోలర్ మీటర్ మామూలుగా ఆడుతోంది. బయట జనం డ్యాన్స్ ఆపి నా వైపు చూస్తున్నారు. ఏమైందో తెలిసేలోపు అంతా చల్లారిపోయింది. ఇంకోసారి, మిక్సర్ నా టేబుల్ మీద ఉంది కాబట్టి అడిగిన ప్రతివాడికీ మైక్ నేనే ఇవ్వాల్సి వచ్చింది. ఒకాయన మైక్ పట్టుకుని స్పీకర్ ముందుకు వెళ్లి నిలబడ్డాడు, అది కూసింది. తిట్లు నాకు. నేను డీజేని. నాకు డబ్బు పాటలకి ఇస్తారు. మిక్సర్ పెట్టావంటే సౌండ్ పని కూడా నీ నెత్తిన పడుతుంది, దానికి పైసా ఎక్కువ రాదు.

సౌండ్‌చెక్:
ఇది మొదట్లోనే అని ఉంటే నాయిస్ గురించి ఇంత గొడవ ఉండేది కాదు.

మైక్_రెండు:
ఇప్పుడు అర్థమైంది. మీకు వద్దన్నది పెట్టె కాదు, బాధ్యత. కానీ ఒకటి ఆలోచించండి. మైక్ కూసినప్పుడు జనం ఎవరి వైపు చూస్తారు? మిక్సర్ ఉన్నా లేకపోయినా డీజే టేబుల్ వైపే. నా దృష్టిలో అక్కడ ప్లే చేసేవాడు ఆ గదిలో వినిపించే ప్రతి చప్పుడుకీ జవాబుదారీ. ముసలాయన నాలుగు మాటలు చెప్పుకునేది జీవితంలో ఒక్కసారి, అవి వినపడకపోతే మన ట్రాన్సిషన్లు ఎంత బాగున్నా ఏం ఉపయోగం?

ఒకటే_కేబుల్:
జవాబుదారీ అని మీరనుకుంటే మీ ఇష్టం. చేతిలో అధికారం లేని చోట బాధ్యత తీసుకోను. ఫేడర్ ఎవడైనా లాగొచ్చు, తిట్లు మాత్రం నాకా? సౌండ్ మనిషిని వేరే పెట్టుకోమని నేను ముందే చెబుతాను. పెట్టుకోకపోతే మైక్ ఒక్కటే, అది కంట్రోలర్‌లోనే. ఈ మాట మీద ఉంటాను.

మైక్_రెండు:
ఉండండి. నేను మైక్ పట్టుకునేవాళ్ల వైపు ఉంటాను.

హెడ్‌ఫోన్_ఒక_చెవి:
ఇద్దరూ చెప్పింది సబబే. కానీ ఆ తమ్ముడు మధ్యలో ఎక్కడికో పోయాడు.

కొత్త_డెక్:
ఇక్కడే ఉన్నాను అన్నా, అంతా చదువుతున్నాను. నిర్వాహకులకి ఇప్పుడే ఫోన్ చేశాను. వాళ్ల వైపు సౌండ్ చూసే మనిషి ఎవరూ లేరు. కాబట్టి మిక్సర్ తెస్తున్నాను. మా ఫ్రెండ్ దాని దగ్గరే నిలబడతాడు, ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు. ఏది దేనికి కలపాలో, లెవెల్స్ ఎలా పెట్టాలో ఎవరైనా చెబుతారా?

సౌండ్‌చెక్:
చెబుతాను. ముందు మిక్సర్ మెయిన్ పూర్తిగా దించి మొదలుపెట్టు. కంట్రోలర్, మిక్సర్ ఆన్ చేశాకే స్పీకర్లు ఆన్. ముగించేటప్పుడు ముందు స్పీకర్లు ఆఫ్. ఈ వరస తప్పితే స్పీకర్లలో పెద్ద దెబ్బ పేలుతుంది.

కంట్రోలర్ మాస్టర్‌ని స్టీరియో లైన్ ఇన్‌పుట్‌కే ఇవ్వు. ఎడమ, కుడి రెండు పిన్నులూ పెట్టు. ఒక్క ఎడమదే పెడితే కుడివైపు రికార్డయిన వాయిద్యాలు మాయమవుతాయి. అడాప్టర్ పెట్టి మైక్ ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్‌లోకి మాత్రం తోయకు. చాలా చిన్న మిక్సర్లలో 48 వోల్టుల ఫాంటమ్ స్విచ్ (మైక్‌కి వైరు గుండానే కరెంటు పంపేది) అన్ని మైక్ చానెళ్లకీ కలిపి ఒకటే ఉంటుంది. ఆ కరెంటు కావాల్సిన కండెన్సర్ మైక్ కోసం ఎవరైనా అది నొక్కితే ఆ వోల్టేజి నీ కంట్రోలర్ అవుట్‌పుట్ మీదకి వెళ్తుంది. చేతి మైకులు డైనమిక్ (ఆ కరెంటు అక్కర్లేనివి) అయితే ఆ స్విచ్ ఆఫ్‌లోనే ఉంచు.

లెవెల్ సంగతి. నీ దగ్గరున్నవాటిలో బాగా గట్టిగా రికార్డయిన పాట పెట్టు. కంట్రోలర్ మీటర్ ఎరుపు తాకకుండా చూసుకో. డిజిటల్‌లో పగిలినదాన్ని తర్వాత ఎంత దించినా బాగుపడదు. మిక్సర్ చానెల్ ఫేడర్ సున్నా గీత దగ్గర పెట్టి, గెయిన్ తిప్పుతూ మిక్సర్ మీటర్‌ని సున్నా చుట్టుపక్కలకి తీసుకురా. తర్వాత గది సౌండ్ మెయిన్ ఫేడర్‌తోనే మార్చు. మిక్సర్‌లో నీ పాట చానెల్ ఈక్యూ అన్నీ మధ్యలో వదిలేయ్, పాట ఈక్యూ కంట్రోలర్‌లోనే తిప్పు.

సెట్ రికార్డ్ చేయాలంటే ఇంకోటి ఉంది. మైకులు మిక్సర్‌కే కలుస్తాయి కాబట్టి డీజే సాఫ్ట్‌వేర్ రికార్డింగ్‌లో పాటలే పడతాయి, మైకులు పడవు. మిక్సర్ రికార్డ్ అవుట్ నుంచి తీసుకోవాలి.

ఒకటే_కేబుల్:
సరే, తెస్తానన్నాడు కాబట్టి చెబుతున్నాను. మైకులు పట్టుకుని స్పీకర్ల ముందుకు వెళ్లొద్దని మాట్లాడేవాళ్లిద్దరికీ మొదలుకాకముందే చెప్పు. నిర్వాహకులకి కూడా "మైకుల పని వేరే, దానికి ఇంత" అని మెసేజ్ పెట్టు. నోటి మాట కాదు, మెసేజ్.

మైక్_రెండు:
మెసేజ్ మాట నిజమే, పెట్టు. గిటార్‌లో పికప్ (తీగల మోతని సిగ్నల్‌గా మార్చేది) ఉందా, ప్రీఆంప్ (ఆ సిగ్నల్‌ని పెంచేది) ఉందా అని ఆవిడని కనుక్కో. ప్రీఆంప్ లేని పికప్‌ని నేరుగా లైన్ ఇన్‌పుట్‌కి ఇస్తే రేకు మోగినట్టు పల్చగా వస్తుంది. గిటార్ కోసం పెట్టే హై-జెడ్ (Hi-Z) బటన్ ఉన్న చానెల్ కావాలి, లేదంటే డీఐ.

కొత్త_డెక్:
అడిగాను. ప్రీఆంప్ ఉందట, 9 వోల్టుల బ్యాటరీది. ఎప్పుడు మార్చారో గుర్తులేదన్నారు.

మైక్_రెండు:
కొత్తది ఒకటి నీ బ్యాగులో వేసుకో.