సమస్య: 'గదియె లేని రాజు గద్దె నెక్కె'

నిర్వాహకుడు (గవర్నరుపేట): బైపీసీ పాఠం చెవిన పడుతుంటే తట్టిన పాదం ఇది. వనవాసాలు, పాదుకలు చాలా చూశాం. ఈసారి కణం దాటి పోకండి.

పటమట లెక్చరర్:
పెరుగులోని జీవి పిసరంత కణమున
పొరల గోడ లేక పోగు వోలె
చుట్ట చుట్టి మధ్య చోటు జేసికొనియె
గదియె లేని రాజు గద్దె నెక్కె

బ్రాడీపేట మాస్టారు: 'చుట్ట చుట్టి' భేష్! ఈ.కోలై అనే బాక్టీరియా డీఎన్‌ఏను సాగదీస్తే సుమారు 1.6 మిల్లీమీటర్లు, కణం చూస్తే 2 మైక్రోమీటర్లు. చుట్టకపోతే పట్టదు. కానీ రాజంటే డీఎన్‌ఏ అనీ, గదంటే దాని చుట్టూ ఉండే కేంద్రకపు పొర అనీ మేమే ఊహించుకోవాలా? ఆ గది ఉన్న మనలాంటి నిజకేంద్రక కణం ఊసే లేదు. నాది చూడండి.

మనదు కణము మేడ, మధ్యగదిని రాజు
గదులు వేరు వేరు, కాదు ఇరుకు
సూక్ష్మజీవి యిల్లు చూడ నొకటె శాల
గదియె లేని రాజు గద్దె నెక్కె

కృష్ణలంక కవి: 'కాదు ఇరుకు' ఏమిటండీ మాస్టారూ? ఉత్వం నిత్యమని మాకు నూరిపోసింది మీరే. సంధి చేస్తే లఘువు ఎగిరిపోతుంది. 'కావిరుకులు' అనండి, గణమూ నిలుస్తుంది, గదులకు బహువచనమూ కుదురుతుంది. ఇంకోటి, ఈస్టూ సూక్ష్మజీవే, దానికి శుభ్రంగా కేంద్రకం ఉంది. ఉగాది సమస్యలో ఎర్రకణానికి కేంద్రకం తగిలించిన చెయ్యే కదా!

బ్రాడీపేట మాస్టారు: ఆ పద్యం కప్ప మీదండీ! కప్ప ఎర్రకణంలో కేంద్రకం ఉంటుంది. ముదిరిన తర్వాత లేనిది మనిషి ఎర్రకణంలో. అక్కడ గదీ లేదు, రాజూ లేడు. మూడో పాదం చదివి మాట్లాడాలి.

పటమట లెక్చరర్: కప్పను వదిలేయండి బాబూ. 'గదులు వేరు వేరు' మాత్రం ఒప్పుకోవాలి. గాల్జీ, అంతర్జీవ ద్రవ్యజాలం లాంటి పొర గదులు బాక్టీరియా లాంటి కేంద్రకపూర్వ కణంలో ఉండవు. ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములు రెండింటా ఉన్నాయి, అక్కడ చిన్నవి (70ఎస్), ఇక్కడ పెద్దవి (80ఎస్). వాటిని ఎవరూ పద్యంలోకి తేలేదేం?

కృష్ణలంక కవి: నేను మేడలోకే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దగ్గరికే వెళ్తున్నా.

మైటొకాండ్రి లోన మన మేడ నడుమన
వలయమైన జన్యు వస్తువుండె
పాతకాలమందు బాక్టీరియా యది
గదియె లేని రాజు గద్దె నెక్కె

నిర్వాహకుడు: ఆహా! మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియాయేనని జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ 1967లో చేసిన వాదన ఒక్క పాదంలో ఒదిగింది. గది లేని రాజును మేడలోపలే పట్టుకోవడం ఇంకెవరికీ తట్టలేదు. ఈ వారం వీరిదే.

బ్రాడీపేట మాస్టారు: నా 'ఇరుకు'ను ఉతికినవారు 'టో'ను 'టొ' చేసి, తోక కూడా కోశారు. అది అడగరా? పైగా రాజెక్కడండీ? మనిషి మైటోకాండ్రియాలో ఉన్నవి 37 జన్యువులు. దాని ప్రోటీన్లలో చాలావాటికి ఆజ్ఞలు కేంద్రకం నుంచే రావాలి. సామంతుడికి పట్టం కట్టారు.

కృష్ణలంక కవి: సామంతుడూ గద్దె మీదే కూర్చుంటాడు మాస్టారూ, చాప మీద కాదు.