'కిగురుమి'ని వేషం అనవచ్చునా?

ప్రశ్న: జపాన్ పిల్లల టెలివిజన్ కార్యక్రమాలలో నిలువెత్తు బొమ్మ తొడుగుతో తిరిగే పాత్రలు కనిపిస్తాయి. ఆ తొడుగును అక్కడ 'కిగురుమి' అంటారట. దానిని తెలుగులో 'వేషం' అంటే సరిపోతుందా? మాట పుట్టుకను కూడా పెద్దలు వివరించగలరు.

సమాధానం: అయ్యా, ముందు పుట్టుక సంగతి. 'కిరు' అంటే తొడుక్కోవడం, 'నుయు' అంటే కుట్టడం, 'కురుము' అంటే చుట్టి కప్పడం. లోపల దూది కూరి కుట్టిన బొమ్మ 'నుయిగురుమి'. మనుషులు తొడుక్కునే జంతువుల తొడుగులను కూడా ఒకప్పుడు ఆ పేరుతోనే పిలిచేవారు. తొడుక్కునేదానిని వేరుగా చెప్పడానికి ఆ మాట అచ్చులోనే 'కిగురుమి' తయారైంది. సమాసంలో 'కురుమి' కాస్తా 'గురుమి' కావడం మనకు వింతగా తోచనక్కరలేదు. కూర, కాయ కలిసి కూరగాయలైన చోట మన వ్యాకరణం గసడదవాదేశం అంటుంది. వారు తమ మార్పును 'రెందకు' అంటారు. నియమాలు వేరు, భాషాకుటుంబాలు వేరు, కానీ చెవికి మాత్రం చుట్టరికం తోస్తుంది.

ఇక 'వేషం' దగ్గర నాకు అభ్యంతరం ఉంది. పులివేషగాడు ఒంటినిండా చారలు పూసుకున్నా, ఆడుతున్నది ఫలానా వారి అబ్బాయి అని చూసేవారికి తెలుసు, మెప్పు కూడా అతనికే దక్కుతుంది. కిగురుమిలో లోపలి మనిషి ఊసే రాకూడదు. జపాన్ ప్రజాప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1959లో ప్రారంభించిన 'ఒకాసన్ తో ఇశ్శో' (అమ్మతో కలిసి) కార్యక్రమంలో, 1960 నుండి 1967 వరకు 'బూ ఫూ ఊ' అనే మూడు పందిపిల్లల కథ నడిచింది. అందులో తొడుగు వేసుకుని ఆడేది ఒకరు, గొంతు మరొకరిది. 'ఊ'కు గొంతు ఇచ్చిన తెత్సుకో కురోయానగి మనకు పరాయివారు కారు, ఆమె చిన్ననాటి జ్ఞాపకాల పుస్తకం 'రైలుబడి' చదివిన వారందరికీ ఆమె తొత్తోచాన్‌గా తెలుసు. 1973లో ఫుజి టెలివిజన్‌లో వచ్చిన గాచాపిన్ అనే ఆకుపచ్చ డైనోసార్ పిల్ల మంచుకొండల మీద స్కీ జంప్ చేసినా, సముద్రంలో మునిగినా, చేసింది గాచాపిన్ అనే చెప్పుకుంటారు.

ఆట ఒకరిది, గొంతు మరొకరిది అనే పద్ధతికి భిన్నమైనవాడు వన్‌వన్. 1996లో మొదలైన 'ఇనై ఇనై బా' అనే పసిపిల్లల కార్యక్రమంలోని ఈ కుక్కకు ఆటా మాటా రెండూ చో అనే నటుడివే. (ఆ శీర్షిక అచ్చంగా మన దోబూచులాట పిలుపు, 'లేను, లేను' అని ముఖం దాచి 'బా' అంటూ బయటపడడం.) ఆడేవాడూ పలికేవాడూ ఒకడే కావడం వల్ల ఎదుట ఉన్న పసివాడు ఏం చేస్తే దానికి తగినట్టు అప్పటికప్పుడు బదులు పలకగలడు, ముందే రికార్డు చేసిన గొంతుకు ఆ వీలు లేదు.

ఏమైనా, కిగురుమిలో చూసేవారి కంటికి ఆనవలసింది బొమ్మే గనుక నా ఓటు 'బుట్టబొమ్మ'కు. ఊరేగింపులో వెదురుబుట్ట మీద కట్టిన ఆ నిలువెత్తు బొమ్మను లోపలి నుండి ఒకడు మోస్తూ ఆడిస్తాడు, జనం బొమ్మనే చూస్తారు.

మరొక సభ్యుని మాట: తమరు చెప్పిన పోలిక బాగుంది గానీ, ఈనాడు బుట్టబొమ్మ అంటే ముద్దులొలికే అమ్మాయి అనే అర్థమే ముందు తడుతుంది. పైగా తొడుగుకు కాళ్లూ చేతులూ ఉంటాయి, బుట్టకు ఉండవు.

సమాధానం: నిజమే. అయితే 'తొడుగుబొమ్మ' అందాం; ప్రశ్న అడిగినవారు కూడా 'బొమ్మ తొడుగు' అనే రాశారు, క్రమం తిప్పితే చాలు.