వాడకమే విలువకు కొలమానమా? ఉచిత యాప్‌ల విషయంలో ఒక సందేహం

ఆర్థికశాస్త్ర విద్యార్థి:
మనిషికి ఏది ఇష్టమో తెలుసుకోవాలంటే అతని మాటలను కాక అతను చేసే ఎంపికలను చూడాలని ఆర్థికవేత్త పాల్ శామ్యూల్‌సన్ 1938లో ప్రతిపాదించిన వాదాన్ని ఇటీవల చదువుకున్నాను. ఆ లెక్కన కోట్లాది మంది రోజూ అంతసేపు సోషల్ మీడియాలో గడుపుతున్నారంటే, అది వారికి అంత మేలు చేస్తున్నదనే అనుకోవాలి. అయితే ఆ సమయమంతా వృథా అయిందని వాపోయేదీ వారే. డబ్బిచ్చి కొనే వస్తువైతే ధర అన్న ఆధారమైనా ఉంటుంది. ధరే లేని చోట వారి చేతలను నమ్మాలా, మాటలను నమ్మాలా? దీనిని ఎవరైనా కొలిచి చూశారా?

లెక్కల మనిషి:
కొలిచారండి. ఉచిత సేవ వల్ల వాడుకరికి కలిగే మేలు జీడీపీలో కనిపించదు కాబట్టి, ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, అవినాష్ కొల్లిస్, ఫెలిక్స్ ఎగ్గర్స్ అనే పరిశోధకులు ప్రశ్నను తిరగవేసి, ఒక ఏడాది పాటు దీనిని వదులుకోవడానికి మీకెంత ఇవ్వాలని అడిగారు. 2019లో వెలువడిన ఆ అధ్యయనంలో అమెరికా వాసుల మధ్యస్థ జవాబు (సగం మంది అంతకన్నా ఎక్కువ, సగం మంది తక్కువ అడిగిన మొత్తం) సెర్చ్ ఇంజిన్లకు 17,530 డాలర్లు, ఈమెయిల్‌కు 8,414 డాలర్లు కాగా, సోషల్ మీడియాకు 322 డాలర్లు మాత్రమే. సెర్చ్ క్షణాల్లో ముగిసే పని, అయినా వదులుకోమంటే అడిగిన మొత్తం అంత పెద్దది. గడిపిన సమయానికీ కట్టిన విలువకూ పొంతన లేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సంశయవాది:
ఆ మూడు అంకెలూ ఊహాత్మక ప్రశ్నలకు వచ్చిన జవాబులు, డబ్బు నిజంగా చేతులు మారలేదు. అలాంటప్పుడు అవి కూడా మాటలే కదా, శామ్యూల్‌సన్ వద్దన్నది వాటినే!

పాత పాఠకుడు:
సంశయవాది గారి అభ్యంతరం సబబే. అందుకే నిజంగా డబ్బిచ్చి చేసిన ప్రయోగాలను చూడాలి. హంట్ ఆల్‌కాట్, మాథ్యూ జెంట్స్‌కో బృందం 2018 అమెరికా మధ్యంతర ఎన్నికలకు ముందు కొందరికి సొమ్ము చెల్లించి నాలుగు వారాల పాటు ఫేస్‌బుక్ ఖాతాలను ఆపించింది. అందుకు వారు కోరిన మధ్యస్థ మొత్తం సుమారు 100 డాలర్లు. మానినవారికి రోజుకు సగటున ఒక గంట మిగిలింది, మనసు కొద్దిగా కుదుటపడింది, వార్తల పరిజ్ఞానం మాత్రం కొంత తగ్గింది. ప్రయోగం ముగిసి ఎవరి ఇష్టం వారిదైన తర్వాత కూడా వారి వాడకం మునుపటి స్థాయికి చేరలేదన్నదే నాకు వీటన్నింటికన్నా ఆసక్తికరంగా తోచింది, ఎందుకంటే మొదట అడిగిన మొత్తంలో ఇష్టం ఎంతో, అలవాటు ఎంతో అప్పటివరకు వారికే తెలియదన్నమాట.

ఇంకొక అధ్యయనం మీ ప్రశ్నకు మరీ దగ్గరిది. లియోనార్డో బర్స్‌టిన్ బృందం 2023లో అమెరికా కళాశాల విద్యార్థులను అడిగినప్పుడు, తోటివారు కొనసాగుతుండగా తామొక్కరే నెల రోజులు టిక్‌టాక్ మానేయాలంటే సగటున 59 డాలర్లు ఇవ్వాలన్నారు. తమతో పాటు తోటి విద్యార్థులు కూడా మానేసే పక్షంలో, అందుకు తామే 28 డాలర్లు ఎదురు చెల్లించడానికి సిద్ధమన్నారు. మనిషీ అతనే, యాప్ కూడా అదే, మారిందల్లా పక్కవారి పరిస్థితి. అంటే ఒకరి వాడకం, వాడనివారిని వెలిగా నిలబెట్టి వారికి నష్టం కలిగిస్తున్నది. ఆ నష్టాన్ని తప్పించుకోవడానికి చేరినవారిని కూడా ఇష్టపడి చేరినవారిగానే మామూలు లెక్క నమోదు చేస్తుంది. కాబట్టి మీరడిగిన రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. మనిషి చేతలు, అందరూ అందులో ఉన్న లోకంలో తనకేది మెరుగో చెబుతాయి. మాటలు, అసలు ఎలాంటి లోకం కావాలో చెబుతాయి.

ఆర్థికశాస్త్ర విద్యార్థి:
ధన్యవాదాలండి. అలాగైతే ఉచితంగా ఇవ్వడం మాని రుసుము పెడితే ఈ చిక్కు తీరుతుందా?

పాత పాఠకుడు:
తీరదనుకుంటాను. రుసుము చిన్నదైతే వెలి అవుతామన్న భయంతో అందరూ కట్టేస్తారు, సంస్థకు అదనపు రాబడి మిగులుతుంది. పెద్దదైతే కట్టలేనివారే బయట ఉండిపోతారు. అందరూ ఒకేసారి ఆగే ఏర్పాటు వేరు: తరగతి మొత్తానికి ఫోన్ల నిషేధం ఉంటే ఏ ఒక్క విద్యార్థీ విడిగా వెలి కాడు.

సంశయవాది:
అక్కడ కూడా ఒక మాట. ఆ 28 డాలర్లు సగటు మాత్రమే. ఆ యాప్ నిజంగానే నచ్చినవారు, దాని వల్లనే స్నేహితులు దొరికినవారు ఆ గుంపులో తప్పక ఉంటారు, వారిపై కూడా నిషేధం ఒకేలా పడుతుంది. ఆ నష్టాన్ని ఎవరు భర్తీ చేయాలో కూడా చెప్పకుండా ఏర్పాటు బాగుందనలేము.