ముక్కుపుటాలు విడివిడిగా కదిపేవాళ్ళు ఉన్నారా? ఎలా వస్తుంది?

కృష్ణాతీరం:
మా తమ్ముడు చెయ్యి పెట్టకుండా చెవులు కదుపుతాడు, ముక్కుపుటాలైతే ఎడమది విడిగా కుడిది విడిగా పెద్దవి చేస్తాడు. ఎలారా అంటే "అక్కడికి బలం పంపిస్తా, కదులుతుంది" అంటాడు, అంతకుమించి చెప్పలేడు. నేను అద్దం ముందు నిలబడి ఎంత ట్రై చేసినా పై పెదవి లేస్తోంది, కనుబొమ్మలు లేస్తున్నాయి, ముక్కు మాత్రం కదలట్లేదు. వాడికున్న కండరం నాకు లేదా, లేక నేర్చుకుంటే వస్తుందా? ఇంకోటి, అస్తమానం ఇలా చేస్తే నరాలకి ఏమన్నా అవుతుందని అమ్మమ్మ భయపడుతోంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఫిజియో_గోదారి:
కండరం మీకూ ఉందండి. ముక్కు పక్కన నాసాలిస్ అని ఉంటుంది, దాంట్లో ఒక భాగం పుటాన్ని నొక్కుతుంది, ఇంకోటి తెరుస్తుంది. నాలుగు అంతస్తులు గబగబా ఎక్కి అద్దం చూసుకోండి, మీరు అడక్కుండానే పుటాలు విచ్చుకుంటాయి. అంటే కండరం బానే ఉంది, దాన్నొక్కదాన్నే కదపడం మెదడుకి అలవాటు లేదంతే, ఎందుకంటే నవ్వినా కోపమొచ్చినా ముఖంలో కండరాలు గుంపుగానే కదులుతాయి కదా. చెవికి కూడా ముందు, పైన, వెనక మూడు కండరాలుంటాయి, వీటన్నిటికీ ఏడో కపాల నరం, ఫేషియల్ నర్వ్ అంటాం, అదే ఆధారం. చెవుల్ని మాటిమాటికీ తాకుతూ ధ్యాస అటు పెట్టి ప్రయత్నిస్తే చాలామందికి కొంతైనా కదలిక తిరిగి రావచ్చని డార్విన్ 1871లోనే రాశాడు.

అమ్మమ్మగారిని కంగారుపడొద్దనండి, కావాలని కదిపితే నరం పాడవదు. నొప్పి అనిపిస్తే కాసేపు ఆపితే చాలు. అయితే మనం కదపకుండానే ముఖం ఒకవైపు అదురుతూ ఉంటే డాక్టర్‌కి చూపించాలి, ఉన్నట్టుండి మూతి ఒక పక్కకి పోతే మాత్రం వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి. అలాగే జబ్బుపడ్డ చంటిపిల్లలు ప్రతి శ్వాసకీ ముక్కుపుటాలు ఎగరేస్తున్నారంటే ఊపిరి కష్టమవుతోందని అర్థం, దయచేసి అప్పుడు ఒక్క గంట కూడా ఆగొద్దు.

అందెల_రవళి:
నేను కూచిపూడి నేర్పిస్తానమ్మా, మాకిది రోజూ ఉండే పనే. నాట్యశాస్త్రంలో ముక్కుకే ఆరు భేదాలు చెప్పారు, నత, మంద, వికృష్ట, సోచ్ఛ్వాస, వికూణిత, స్వాభావిక అని. వికృష్ట అంటే పుటాలు విప్పార్చడం, కోపానికి భయానికి వాడతాం. కనుబొమ్మలకి ఏడు భేదాలు, ఒక్క కనుబొమ్మనే అందంగా ఎత్తితే అది రేచితం.

"ముక్కు కదుపు" అంటే ఏ పిల్లకీ రాదు. అందుకే ముందు ముక్కుతో గట్టిగా గాలి పీల్చమని, పుటం తెరుచుకుంటుంటే వేలితో తాకి చూడమంటాను. అది తెలిశాక గాలి సగం తగ్గించి అదే కదలిక రప్పించాలి, తర్వాత అసలు గాలి పీల్చకుండా. పెదవి లేచిందంటే మళ్ళీ మొదటికి రావాల్సిందే, నేను ఒప్పుకోను, ఎందుకంటే సత్యభామ కోపంలో పెదవి వంకర పోయిందంటే అది కోపంలా కాకుండా అసహ్యంలా కనపడుతుంది. తొందరపడకు, కొందరికి నెలలు పడుతుంది.

నిద్రరాదు:
బయటికి కనపడనిది కూడా ఒకటుంది బ్రో. కొంతమంది కావాలనుకున్నప్పుడు చెవిలోపల ఉరుములాంటి శబ్దం తెప్పించుకోగలరు, నాకూ వచ్చు. లోపల టెన్సర్ టింపానీ అనే బుల్లి కండరం బిగిసి కర్ణభేరిని లాగుతుంది, ఆ కండరం వణికే చప్పుడే మనకి వినపడుతుంది. దీని నరం వేరు, ఐదోది. కళ్ళు గట్టిగా మూసుకున్నప్పుడో పెద్ద ఆవలింత వచ్చినప్పుడో మీక్కూడా వినపడొచ్చు, గమనించండి.

కృష్ణాతీరం:
చాలా థాంక్స్ అండి అందరికీ. టీచర్‌గారు చెప్పినట్టు వేలు పెట్టి చూస్తే గాలి పీల్చేటప్పుడు కదలిక బాగా తెలుస్తోంది. మరి ఒక్క వైపే రావాలంటే ఏం చెయ్యాలి?

ఫిజియో_గోదారి:
ముందు రెండూ కలిపి గాలి లేకుండా రానివ్వండి. తర్వాత ఒక పుటం మీద వేలు ఆనించి కదలకుండా ఉంచి రెండోది తెరవండి, మెల్లగా వేలు తీసేయండి. రేచితం మాత్రం ఇంకా కష్టం, నుదుటి కండరానికి రెండువైపుల మెదడు నుంచీ సంకేతాలు వస్తాయి కాబట్టి రెండు కనుబొమ్మలూ కలిసే లేస్తాయి. దానికీ ఇదే పద్ధతి, ఒకదాన్ని అరచేత్తో నొక్కిపట్టి రెండోది ఎత్తడం.