ఉపమకీ ఉత్ప్రేక్షకీ తేడా ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి

అమలాపురం అమ్మ:
మా అమ్మాయి టెన్త్ అండి, అలంకారాల దగ్గరికొచ్చేసరికి ఇద్దరం తల పట్టుకుంటున్నాం. "వలె, లా ఉంటే ఉపమ, ఏమో, అనిపిస్తోంది ఉంటే ఉత్ప్రేక్ష" అని ట్యూషన్‌లో చెప్పారంట, బట్టీ పట్టేసింది. నిన్న మబ్బేస్తే నేను "వానొచ్చేలా ఉంది, డాబా మీద వడియాలు తియ్యవే" అన్నాను, అది వడియాలు తియ్యకుండా "లా ఉంది కదమ్మా, ఇది ఉపమా?" అని నిలబడింది. కాదని తెలుస్తోంది గానీ ఎందుకు కాదో చెప్పలేకపోయా.

లంక మాస్టారు:
భలే అడిగిందండి మీ అమ్మాయి. వానొచ్చేలా ఉంది అన్నప్పుడు దేన్ని దేంతో పోల్చారు? రెండో వస్తువే లేదు, వట్టి అంచనా అది. ఉపమకి నాలుగుండాలి. "ఎర్రనీరొచ్చిన గోదారి టీలా ఎర్రగా ఉంది" అన్నారనుకోండి, గోదారి ఉపమేయం, టీ ఉపమానం, ఎర్రగా ఉండటం సమానధర్మం, లా అనేది ఉపమావాచకం. అదే "ఆ సుళ్ళు చూస్తే గోదారి ఎవరి మీదో కోపంతో ఏటిగట్టెక్కి వస్తోందేమో" అంటే ఉత్ప్రేక్ష, నీళ్ళకి కోపం ఉండదని తెలుసు, తెలిసే ఊహిస్తున్నాం. "గోదారి తల్లి" అనేస్తే రూపకం, పోల్చే మాట ఎగిరిపోయి రెండూ ఒకటైపోయాయి.

ఇంకోటండి, "అమ్మలాగే పిన్ని కూడా పులుసు బాగా పెడుతుంది" అన్నదాంట్లో పోలిక ఉంది, లాగే కూడా ఉంది, అయినా అలంకారం కాదు. లక్షణంలో "మనోహరమైన పోలిక" అంటారు చూడండి, పిల్లలు ఆ మొదటి మాట వదిలేసి రెండోది రాస్తారు. మనసుకి చమత్కారం తగలాలి. అందుకే మాటని బట్టి కాదు, ఆ మాట అక్కడేం చేస్తోందో చూడమనండి.

వెటకారం:
మాస్టారు చెప్పింది పరీక్షకండి, మన గోదారోళ్ళ సొంత అలంకారం వ్యాజస్తుతి! పైకి పొగిడినట్టుండి లోపల తిట్టడం, లేకపోతే పైకి తిట్టి లోపల పొగడటం. "మా అల్లుడుగారికి మొహమాటం ఎక్కువండి, అడగలేక మూడుసార్లు ఆయనే వడ్డించేసుకున్నారు ఆయ్" అంటాడు మా మావయ్య, ఆ అల్లుడు నవ్వుతూ నాలుగోసారి కూడా గరిటె పట్టుకుంటాడు, అదింకా అర్థం కాలేదో అర్థమయ్యే తింటున్నాడో ఎవరికీ తెలీదు. "మాది లంకండి, మా రావణాసురుడు బజారుకెళ్ళాడు" అని అత్త ఫోన్లో అంటే శ్లేష కూడా వచ్చేసింది, ఒకే మాటకి రెండర్థాలు, గోదారి మధ్య లంకా అదే, రావణుడి లంకా అదే. ఉన్నదాన్ని పెంచి చెప్పే అతిశయోక్తికైతే "పుస్తెలమ్మైనా పులస తినాలి" అని మన గోదారి చేప మీద సామెత ఉండనే ఉంది.

రాజోలు కుర్రోడు:
అది అతిశయోక్తి కాదు బ్రో, మొన్న రేటడిగొచ్చాను, ఉన్నదున్నట్టు చెప్పే స్వభావోక్తే.

అమలాపురం అమ్మ:
చాలా థాంక్సండి మాస్టారూ, చదివి వినిపించా. సొంతంగా ఒకటి చెప్పవే అంటే పక్కగదిలో వాళ్ళ నాన్న గురక విని "చేలో నీళ్ళ ఇంజను ఆడుతోందేమో" అంది. ఉత్ప్రేక్షే కదండి? ఆయనకి మాత్రం చెప్పలేదు.