షాపుల రేడియో చెప్పనీకి ఎట్ల నేర్చుకోవాలె?

క్లాక్‌టవర్_చెల్లె:
అన్నలు, అక్కలు, నేను నల్గొండల ఒక బట్టల షోరూంల సేల్స్ చేస్త. బతుకమ్మ సీజన్‌కు మా దాంట్ల స్టోర్ రేడియో పెడ్తున్నరు, అంటే పాటల నడుమ ఒకరు మాట్లాడాలె, ఆఫర్లు చెప్పాలె, మేనేజర్ సారేమో నీ గొంతు మంచిగుంది నువ్వే చెయ్యి అన్నడు. కాలేజీ ఫంక్షన్ల యాంకరింగ్ చేసిన, గంతే. చేసినోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి, ఎక్కడికెల్లి షురూ చెయ్యాలె?

పాలమూరు_మైకు:
చెల్లె, నేను మహబూబ్‌నగర్‌ల సూపర్ మార్కెట్ల ఈ పని చేసిన. మొదాలు ఒక ముచ్చట మనసుల పెట్టుకో, అక్కడికి ఎవ్వరు రేడియో విననీకి రారు. ఒకామె చింతపండు ప్యాకెట్ తిప్పి తిప్పి చూస్తుంటది, పక్కన పిల్లగాడు చాక్లెట్ కోసం ఏడుస్తుంటడు, నీ మాట సగమే చెవుల పడ్తది. అందుకే "ఇందాక చెప్పినట్టు" అనొద్దు, ఇందాక విన్నామె బిల్లు కట్టి ఎల్లిపోయి ఉంటది. ఏమున్నది, ఎక్కడున్నది, ఎంత, ఎప్పటిదాంక, ఈ నాలుగు ప్రతిసారి రావాలె, 20 సెకండ్లు దాటొద్దు. ఇంకోటి, కస్టమర్ అరగంట ఉండి పోతడు, స్టాఫ్ పొద్దంత వినాలె. ఒకటే ముక్క ఒకటే తీరుగ చెప్పినవనుకో, నీతోటోళ్లే వైరు పీకుతరు.

మిర్యాలగూడ_ఆటో:
అన్న చెప్పింది కరెక్టే కని మరీ చప్పగ కూడ ఉండొద్దు. నేను ఆటోకు మైకు కట్టుకొని సర్కస్ కాడికెల్లి కంటి ఆపరేషన్ క్యాంపుల దాంక అన్ని చెప్పిన. రోడ్డు మీద గొంతు చించుకోవాలె, షాపుల అదే గొంతు తీస్తే జనం ఉలిక్కిపడ్తరు. నవ్వుకుంట మాట్లాడు, నవ్వు గొంతుల తెలుస్తది. అంకెలు మాత్రం నిదానంగ చెప్పు. "50 శాతం వరకు" అన్నప్పుడు ఆ "వరకు" మింగితివా, కౌంటర్ కాడ పంచాయితే. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టమే ఉన్నది, కని చట్టం దాంక ఎందుకు, పండుగ పూట వచ్చిన అవ్వనే నిన్ను నిలబెట్టి అడుగుతది.

గద్వాల_సౌండ్స్:
మైకు సంగతి నేను చెప్త. మూతికి ఆనిచ్చి మాట్లాడితే బేస్ ఎక్కువై బొంయ్‌మంటది. జానెడు దూరం పెట్టి కొంచెం పక్కకు తిప్పు, లేకుంటే ప, ఫ, భ వచ్చినప్పుడల్ల టప్పు టప్పుమని గాలి కొడ్తది. సీలింగ్ స్పీకర్ కింద కూసుంటే కూత పెడ్తది, దాని బదులు స్టాక్ రూంల కూసో, చుట్టు బట్టలుంటే రీసౌండ్ కూడ రాదు. పాటను ఒక్కసారే కట్ చెయ్యకు, మెల్లగ తగ్గించి, మాట్లాడి, మెల్లగ పెంచు. అంతస్తుకో జోన్, అంటే సౌండ్ వేరేగ తగ్గించి పెంచుకునే వీలు, ఉందేమో ఆంప్లిఫయర్ మీద చూసుకో. చీరల సెక్షన్‌ల సౌండ్ తక్కువనే ఉండాలె, ఒక చీర మీద నలుగురు మాట్లాడుకుంటుంటరు అక్కడ.

దేవరకొండ_అక్క:
నేను చెప్పేదాన్ని కాదు, వినేదాన్ని. "ప్రియమైన వినియోగదారులారా, మా విశిష్టమైన కలెక్షన్‌ను సందర్శించండి" అన్నరంటే ఇగ నేను వినుడు బంద్. మన మాట మాట్లాడుండ్రి. జహీరాబాద్ దిక్కు మాచునూరుల 2008ల సంగం రేడియో అని ఒక రేడియో స్టేషన్ పెట్టిండ్రు, ఊరి ఆడోళ్లే నడిపిండ్రు, వాళ్ల యాసలనే. మా దిక్కు తండాలకెల్లి చానమంది షాపింగ్‌కు వస్తరు, లంబాడీ భాషల రెండు ముక్కలు చెప్పే పిల్ల మీ స్టాఫ్‌ల ఉంటే మైకు ఆమెకియ్యి.

నీలగిరి_శ్రోత:
యాస ఓకే అక్కా, కని సినిమాలల్ల కామెడీకి పెట్టినట్టు పెట్టుడు యాస వద్దు, అది ఇంక చిరాకు. ఇంట్ల ఎట్ల మాట్లాడ్తవో గట్లనే. ఇంకో మాట, పాటలు ఫోన్ల యాప్‌కెల్లి పెడ్తున్నరా? ఆ యాప్‌లు సొంతానికి విననీకే, షాపుల పెట్టనీకి కాదు. 1957 కాపీరైట్ చట్టం కింద లైసెన్స్ కావాలె, రికార్డింగులకు పీపీఎల్, పాట రాసినోళ్ల, బాణీ కట్టినోళ్ల హక్కులకు ఐపీఆర్‌ఎస్ అనే సంస్థలు ఆ లైసెన్స్ ఇస్తయి. అది నీ నెత్తి మీద ఏసుకోకు, మీ సారును అడుగు.

క్లాక్‌టవర్_చెల్లె:
అందరికి చాన థ్యాంక్స్. లైసెన్స్ సంగతి సారును అడుగుత. ఒకటి రాసిన, చూడుండ్రి. "నమస్కారం! బతుకమ్మ పండుగ సందర్భంగా చిన్నారుల కోసం అద్భుతమైన పట్టు లంగాలు మా షోరూంలో అందుబాటులో ఉన్నాయి, త్వరపడండి!"

పాలమూరు_మైకు:
అద్భుతం, అందుబాటు, త్వరపడండి, మూడు కొట్టెయ్. ఎక్కడున్నయో చెప్పనే లేదు కదా. గిట్ల అను: "బతుకమ్మ కాడికి పోయే బిడ్డకు పట్టు లంగా చూస్తున్నరా? మొదటి అంతస్తు, మెట్లెక్కంగనే ఎడమ చెయ్యి దిక్కు. రెండేండ్ల పాప కాడికెల్లి సైజులున్నయి. ఇయ్యాల రాత్రి దుకాణం మూసేదాంక ఈ రేటే." నడుమల రేటు నువ్వు పెట్టుకో. ఫోన్ల రికార్డ్ చేసి బస్టాండుల కూసొని విను, ఆ లొల్లిల అర్థమైతే మీ షోరూంల అర్థమైతది.

క్లాక్‌టవర్_చెల్లె:
గిది మస్తుంది అన్నా. ఆఖరిది, పండుగ రష్‌ల పిల్లలు తప్పిపోతరు కదా, అప్పుడేం చెప్పాలె?

పాలమూరు_మైకు:
పిల్లగాడు మీ కాడ దొరికిండనుకో, పేరు, అంగీ రంగు మైకుల చెప్పకు. ఎవడో వచ్చి నా కొడుకే అంటే ఏం చేస్తవ్? "పిల్లలతోటి వచ్చినోళ్లు ఒక్కసారి పక్కకు చూసుకోండ్రి, కనపడకుంటే బిల్లింగ్ కౌంటర్ కాడికి రాండ్రి" అను చాలు. పేరేంది, ఏం తొడుక్కున్నడు అనేది వచ్చినోళ్లనే చెప్పమనాలె. అదే తల్లి వచ్చి పిల్లగాడు కనపడ్తలేడు అంటే, ముందుగాల గేటు కాడ వాచ్‌మన్‌కు చెప్పి, ఆ తర్వాతనే మైకు పట్టు.