మా మేనకోడలి స్మారక స్కాలర్‌షిప్‌కు అమెరికా బంధువుల విరాళం ఎలా తీసుకోవాలి?

ఇంటర్ రెండో సంవత్సరంలో, 17 ఏళ్లకే ఆత్మహత్యతో మాకు దూరమైన మా మేనకోడలి పేరిట పేద విద్యార్థినులకు హాస్టల్ ఫీజు కట్టాలని వరంగల్‌లో ట్రస్టు పెట్టాము. ఆదాయపు పన్ను మినహాయింపుల కోసం 12ఏ, 80జీ తాత్కాలిక రిజిస్ట్రేషన్లు వచ్చాయి. దరఖాస్తు ఫారం మీద ఆమె నవ్వుతున్న ఫోటో, దాని కిందే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరు అచ్చు వేయించాము. ఆమె ఎందుకు లేదో దాచడం మాకు ఇష్టం లేదు.

డల్లాస్‌లోని బంధువులు అక్కడి పౌరులు కనుక, వారు పంపిన సొమ్ము ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) ప్రకారం విదేశీ విరాళమని బ్యాంకు తిప్పి పంపింది. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ల అనుభవం, 15 లక్షల ఖర్చు చూపాలని ఆడిటర్ చెప్పారు. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థను అడిగితే, 2020 సవరణ తర్వాత ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదన్నారు. ఇక మిగిలింది, ఫలానా దాత ఇచ్చే ఫలానా విరాళానికి మాత్రమే కేంద్రం ఇచ్చే ముందస్తు అనుమతి ఒక్కటే.

కొత్త ట్రస్టుకు ఆ అనుమతి తెచ్చుకున్నవారు ఎవరైనా ఉంటే, దాత ఇచ్చే హామీ లేఖలో ఏమేమి రాయించారో దయచేసి చెప్పగలరా?